పక్కింటాయన మొక్కలకి నీళ్ళు పట్టే టైముకి మా కుక్క గోడెక్కుతోంది, ఏం చేయాలి?

కాప్రా_కిరణ్
మాది కాప్రాలో ఇండిపెండెంట్ ఇల్లు. కింద మేము, పైన అద్దెకి ఇంకో కుటుంబం. కుక్క పేరు పులి. నాటు కుక్కే. చెత్తకుప్ప దగ్గర దొరికినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేవాడు. ఇప్పుడు ఇరవై నెలలు. ఏడాది దాకా ఎవరొచ్చినా తోకూపేవాడు. ఐదారు నెలల నుంచి గేటు లోపలంతా వాడి సొంత ఆస్తి అయిపోయింది.

పక్కింట్లో రిటైరైన పెద్దాయన ఉన్నారు. పొద్దున్న ఐదున్నరకి మొక్కలకి నీళ్ళు పడతారు. మధ్యలో నాలుగడుగుల గోడ. ఆయన పైపు పట్టుకుని గోడ దగ్గరికి రాగానే మావాడు ముందుకాళ్ళు గోడ మీద వేసి, ఆయన మొహంలో మొహం పెట్టి మొరుగుతాడు. ఆయన పైపు వీడి మీదకి తిప్పుతారు. వీడికి ఇంకా రోషం. రోజూ ఇరవై నిమిషాలు ఇదే తంతు. వీధిలో ఎవరికీ అలారం అక్కర్లేకుండా పోయింది.

మెట్లు మా గేటులోంచే. పైవాళ్ళ అమ్మాయి స్కూలుకి వెళ్ళాలంటే నేనో మా ఆవిడో వచ్చి వాణ్ణి పట్టుకోవాలి. మొన్న ఆదివారం పాలబ్బాయి గేటు తీసి రెండడుగులు వేశాడో లేదో, వీడు అతని ప్యాంటు పట్టి చింపేశాడు. కరవలేదు, కాస్త గీరుకుంది అంతే. ఐదొందలు ఇచ్చి పంపాను. మర్నాడు పెద్దాయన గేటు దగ్గరికొచ్చి "ఇంకోసారి ఇలా జరిగితే మున్సిపాలిటీకీ పోలీసులకీ ఇద్దరికీ రాస్తా" అన్నారు. ఇరవై ఏళ్ళు ఆయనా మా నాన్నా ఒకే పేపరు పంచుకుని చదివారు. కుక్కని ఎక్కడైనా వదిలేయమని మా అత్తగారు అంటున్నారు. నావల్ల కాదు. ఏం చేయమంటారు?

గుంటూరు_ఘాటు
పులి అని పేరు పెట్టి తోకూపమంటే ఎలా? మా వీధిలో ఒకాయన సింహం అని పెట్టారు. అది దీపావళికి మంచం కిందకి దూరి రెండ్రోజులు బయటికి రాలేదు.

పశువుల_డాక్టరమ్మ
గోడ సంగతి తర్వాత. "కాస్త గీరుకుంది అంతే" అన్న దగ్గర ఆగిపోయాను. చర్మం చిట్లిందా? రక్తం వచ్చిందా? మీ పులికి రేబిస్ టీకా చివరిసారి ఎప్పుడు వేయించారు?

కాప్రా_కిరణ్
సన్నగా ఎర్ర గీత పడింది. రక్తం ఒక చుక్క వచ్చిందేమో. దూదితో తుడిచి పసుపు రాశాం. టీకా... నాలుగో నెలలో వేయించాం. ఏడాదికి మళ్ళీ వేయించాలి, మర్చిపోయాను. అంటే నాలుగు నెలలు దాటింది.

పక్కింటి_బాధితుడు
భలే. కుక్కకి పులి అని పేరు పెట్టడం గుర్తుంది, టీకా గుర్తులేదు. పాలబ్బాయి ప్రాణం ఐదొందలు.

పశువుల_డాక్టరమ్మ
తిట్లు తర్వాత తిడదాం. కిరణ్ గారూ, ఇవాళే ఆ అబ్బాయిని మీరే బండి మీద ఎక్కించుకుని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. నారాయణగూడలో కుక్కకాటు టీకాలు వేసే ఐపీఎం గానీ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి గానీ అయినా సరే. రెండ్రోజులైందిగా అని మానకూడదు. పసుపు, కారం, సున్నం ఏవీ పూయకూడదు. కుక్క పన్ను గానీ గోరు గానీ తగిలిన వెంటనే సబ్బు పెట్టి, కుళాయి కింద పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను అంటే గడియారం చూసి పదిహేను. చాలామంది అర నిమిషంలో ముగిస్తారు.

రక్తం వచ్చిందంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా వేయాల్సి రావచ్చు. చుక్కే కదా అనుకోకుండా ఆ మాట డాక్టరుకి చెప్పండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే భయం పాతది, ఇప్పుడవి లేవు. కండకి వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28. పులిని పది రోజులు ఇంట్లోనే పెట్టి గమనించండి. తిండి మానేసినా, గొంతు మారినా, నడక తేడాగా ఉన్నా వెంటనే డాక్టరుకి చెప్పాలి.

కాప్రా_కిరణ్
వెళ్ళొచ్చాం. మొదటి డోసు అయింది. గాయం చుట్టూ కూడా వేశారు. పాలబ్బాయికి పంతొమ్మిదేళ్ళు. ఆసుపత్రి లైన్లో నిలబడి "అన్నా, రేపు పొద్దున పాలు ఎవరు వేస్తారు" అని అదే టెన్షన్. మర్నాడు నేనే స్కూటర్ మీద క్యాన్లు పెట్టుకుని ముప్పై రెండిళ్ళకి వేశాను. దారిలో మూడు కుక్కలు తరిమాయి.

గుంటూరు_ఘాటు
కుక్క కాటుకి చెప్పుదెబ్బ అంటారు, మీకు పాల క్యాను పడింది.

బ్రూనో_వాళ్ళమ్మ
ఇక అసలు విషయానికి. మాది మధురవాడలో అపార్ట్‌మెంట్, రెండో ఫ్లోరు, మూడేళ్ళ లాబ్రడార్. లాబ్ అంటే అందరినీ నాకేస్తుందనుకుంటారు. మా బ్రూనోకి ఏడాదిన్నర వచ్చేసరికి కారిడార్ మొత్తం వాడి పేరున రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఎదురు ఫ్లాటు వాళ్ళు తలుపు తీయడమే మానేశారు.

నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టిన సంగతి ఒకటుంది. కొరియర్ అబ్బాయి వస్తాడు, వీడు మొరుగుతాడు, అతను కవరిచ్చి వెళ్ళిపోతాడు. అతను వెళ్ళింది పని అయిపోయి. వీడి లెక్కలో మాత్రం "నేను తరిమాను, పారిపోయాడు". పాలు, పేపరు, చెత్తబండి, గ్యాసు, ఇలా రోజుకి పది గెలుపులు. నెలకి మూడొందలు. అన్ని గెలిచాక ఎవడైనా వదులుకుంటాడా? మీ పెద్దాయన కూడా ఇరవై నిమిషాలకి పైపు చుట్టుకుని లోపలికి వెళ్ళిపోతారు కదా. పులి రోజూ గెలుస్తున్నాడు.

కాబట్టి ముందు ఆ గెలుపులు ఆపాలి. మేము బాల్కనీ గ్రిల్లుకి మేడమీద తోటలకి వాడే ఆకుపచ్చ నెట్టు రెండు పొరలు కట్టేశాం. కనిపించకపోతే సగం గొడవ తగ్గింది. మీ గోడ మీద ఇంకో మూడడుగులు అదే కట్టండి. గేటుకి కింద సగం రేకు కొట్టించండి. పైగా ఐదున్నరకి ఆయన వస్తారని తెలుసు కదా, ఐదుంపావుకే వాణ్ణి వాకింగుకి తీసుకెళ్ళిపోండి. ఖర్చు సున్నా.

కాప్రా_కిరణ్
ఐదుంపావుకి నేను లేవాలి అన్నమాట.

బ్రూనో_వాళ్ళమ్మ
వీధంతా లేస్తోందిగా.

టెక్_వంశీ
ఇంత అవసరమా? మొరిగితే షాక్ కొట్టే బెల్టులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మా కజిన్ వాడాడు, వారంలో సైలెంట్.

పశువుల_డాక్టరమ్మ
దయచేసి వద్దు. ఆయన కనబడ్డప్పుడల్లా మెడకి షాక్ తగిలితే, ఆయన వల్లే నొప్పి వస్తోందని కుక్క అనుకుంటుంది. మొరగడం ఆగొచ్చు, పగ పెరుగుతుంది. మొరుగుడు అనేది "దగ్గరికి రాకు" అని ముందస్తు నోటీసు. ఆ నోటీసు తీసేస్తే నేరుగా కరిచే కుక్క తయారవుతుంది.

వంకర_తోక
డాక్టరమ్మ చెప్పింది మా ఇంట్లో అక్షరాలా జరిగింది. బెల్టు పెట్టిన పద్దెనిమిదో రోజు, చప్పుడు లేకుండా వచ్చి వంటావిడ మడమ పట్టుకుంది. మొరిగే కుక్క కరవదు అంటారు గానీ, మొరగనివ్వని కుక్క కరుస్తుంది.

టెక్_వంశీ
సరే, వాపస్ తీసుకుంటున్నా. కజిన్‌కి ఫోన్ చేస్తా.

పక్కింటి_బాధితుడు
నెట్టు, రేకు, వాకింగు. అన్నీ కుక్క సుఖం గురించే. అవతలి వాళ్ళ గురించి ఒక్కరైనా మాట్లాడారా? మా పక్కింట్లో రాట్‌వైలర్. మా అమ్మకి డెబ్బై రెండేళ్ళు. బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా అది గోడకి దూకుతుంది. ఇప్పుడు ఆవిడ హాల్లో కుర్చీల మీద ఆరేస్తోంది. "ఏమీ చేయదండీ, ఆడుకుంటుంది" అంటాడు ఓనరు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏమీ చేయదని వాడికి తెలుసు, మా అమ్మకి ఎలా తెలుస్తుంది? మీకు ముద్దు, మాకు బీపీ.

లక్ష్మి_మేడమీదతోట
ఈ పోస్టుకి వంద లైకులు. ధనుర్మాసంలో నాలుగింటికి లేచి వేసిన ముగ్గు మీద, రంగులు ఆరకముందే, పక్కవాళ్ళ పమేరియన్ కాలెత్తేది. "చిన్నపిల్లండీ" అనేవారు. ఆ పిల్లకి పదకొండేళ్ళు.

కాప్రా_కిరణ్
@పక్కింటి_బాధితుడు, "ఏమీ చేయడండీ" అని నేనూ అన్నాను. చాలాసార్లు. పెద్దాయనతో కూడా.

లా_చదివిన_శ్రీను
కేసు, మున్సిపాలిటీ అన్నారు కాబట్టి. కుక్కని పెంచుకోకూడదని అసోసియేషన్లు నిషేధం పెట్టడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. లిఫ్టు ఎక్కనివ్వం అనడానికీ లేదు. మొరుగుతోందన్నది కుక్కని పంపేయమనడానికి కారణం కాదు. ఇది మీ వైపు.

ఇప్పుడు అవతలి వైపు. భారతీయ న్యాయ సంహిత 291 ప్రకారం, తన జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 289లో జరిమానా వెయ్యే. టీకా గడువు దాటిన కుక్క, తీసి ఉన్న గేటు, చిరిగిన ప్యాంటు. ఆ పాలబ్బాయి స్టేషనుకి వెళ్ళుంటే మీ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదు. మున్సిపాలిటీలో పెంపుడు కుక్క రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి.

గుంటూరు_ఘాటు
కుక్కలన్నిటినీ పట్టుకుపొమ్మని సుప్రీంకోర్టు చెప్పింది కదా?

లా_చదివిన_శ్రీను
అది వీధి కుక్కల కేసు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతాల గురించి అలా చెప్పారు. ఆగస్టు 22న మార్చారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేసి ఎక్కడివి అక్కడే వదలాలని అప్పుడన్నారు, రేబిస్ ఉన్నవీ మీద పడేవీ తప్ప. పులి ఇంటి కుక్క, దాని బాధ్యత మొత్తం కిరణ్ గారిదే.

పొలంగట్టు_రైతు
మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. కుక్కకి సరిహద్దు మనం గీయకపోతే అదే గీసుకుంటుంది. మా పశువుల కొట్టం దగ్గర రెండు కుక్కలు ఉండేవి, పక్క చేనాయనకి ఇంకోటి. మధ్యలో గట్టు. మూడూ గట్టుకి ఇటొకటి అటొకటి నిలబడి అరుచుకునేవే గానీ ఏనాడూ దాటలేదు. ఒకసారి వానకి గట్టు కొట్టుకుపోయింది. అప్పుడు చూడాలి. గట్టు ఎక్కడుందో తెలియక రోజూ కొట్లాటే. సర్వేయరు రాకముందే అవి తేల్చుకున్నాయి, మాకన్నా నయం.

పగలు గొలుసు, రాత్రి వదలడం. మా దగ్గర ఇదే పద్ధతి.

బ్రూనో_వాళ్ళమ్మ
@పొలంగట్టు_రైతు, గట్టు మాట నిజం. గొలుసుతో మాత్రం ఒప్పుకోను. రోజంతా కట్టేసిన కుక్క ఆ ఆరడుగుల వృత్తాన్ని ప్రాణంలా కాస్తుంది. పారిపోయే దారి లేదు కాబట్టి కరుస్తుంది. పైగా మరీ పొట్టి గొలుసుతోనో బరువు గొలుసుతోనో గంటల తరబడి కట్టేసి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం.

పొలంగట్టు_రైతు
చట్టం సంగతి నాకు తెలియదమ్మా. మా కుక్క పద్నాలుగేళ్ళు బతికింది, ఎవర్నీ కరవలేదు.

బ్రూనో_వాళ్ళమ్మ
మీ దగ్గర పగలంతా మనుషులు తిరుగుతుంటారు బాబాయ్ గారూ. కిరణ్ వాళ్ళింట్లో ఇద్దరూ ఉద్యోగాలకి పోతే గొలుసూ కుక్కే మిగులుతాయి.

ఫ్రీమాంట్_సుబ్బు
ఇక్కడ కాలిఫోర్నియాలో కుక్క మొదటిసారి కరిచినా సరే ఓనరుదే బాధ్యత. "ఇంతకు ముందెప్పుడూ కరవలేదు" అంటే వినరు. ఇంటి ఇన్సూరెన్సు వాళ్ళు ఫారంలో కుక్క ఉందా, ఏ జాతి అని అడుగుతారు. మా పక్కన కొరియన్ కుటుంబం, మా కుక్క వాళ్ళ అబ్బాయి స్కేట్‌బోర్డుని చూస్తే శివాలెత్తిపోయేది. ట్రైనరు చెప్పింది ఏమిటంటే, స్కేట్‌బోర్డు దూరంగా, కుక్క ఇంకా మొరగని దూరంలో ఉన్నప్పుడే చికెన్ ముక్క పెట్టాలి. అది పోగానే చికెన్ కూడా బంద్. కొద్దికొద్దిగా దూరం తగ్గించాలి. మాకు నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు స్కేట్‌బోర్డు చప్పుడు వినగానే నా జేబు వంక చూస్తుంది.

పశువుల_డాక్టరమ్మ
సుబ్బు గారు చెప్పిందే అసలు మందు. నెట్టు, రేకు కేవలం పథ్యం. తొందరపడి మొరుగుతున్న కుక్కని పెద్దాయన ముందుకి లాక్కెళ్ళి "ఫ్రెండ్ రా ఫ్రెండ్" అనకండి. పైవాళ్ళ అమ్మాయి మెట్లు దిగే టైముకి పులికి లోపల ఒక చాప వేసి, దాని మీద కూర్చుంటేనే తిండి అని అలవాటు చేయండి. బయటికి తీసుకెళ్ళేటప్పుడు మూతికి బుట్ట తగిలించండి. గుడ్డది కాదు, నోరు తెరిచి రొప్పడానికీ నీళ్ళు తాగడానికీ వీలుండే జాలీది.

వంకర_తోక
ఆపరేషన్ చేయిస్తే నెమ్మదిస్తాడంటారు, నిజమేనా?

పశువుల_డాక్టరమ్మ
ఊరి మీద పడి తిరగడం, మగ కుక్కలతో కొట్లాట తగ్గొచ్చు. గేటు దగ్గర మనుషుల మీద మొరగడం దానితో తగ్గుతుందని హామీ ఇవ్వలేను. చేయించండి, కానీ దీనికి మందు అనుకుని కాదు.

ఎనభైనాలుగు_ఫ్లాట్ల_సెక్రటరీ
కూకట్‌పల్లిలో నాకు పడే గోల మీకెవరికీ తెలియదు. మూడు కుక్కలు, నాలుగు వాట్సాప్ గ్రూపులు. కుక్కల గ్రూపు, కుక్కలంటే పడని వాళ్ళ గ్రూపు, జనరల్ గ్రూపు, ఈ మూడింట్లోనూ ఎవరేమన్నారో మాట్లాడుకునే గ్రూపు. ఇన్నేళ్ళలో పనిచేసింది ఒక్కటే. ఓనరు వెళ్ళి ముందు తనే చెప్పడం. కంప్లయింటు వచ్చాక చెప్పే సారీకి విలువ లేదు. కిరణ్, ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళావా అసలు?

కాప్రా_కిరణ్
గేటు దగ్గర మాట్లాడానండీ.

ఎనభైనాలుగు_ఫ్లాట్ల_సెక్రటరీ
గేటు దగ్గర కాదు, లోపలికి వెళ్ళి కూర్చో. స్వీట్లు పట్టుకెళ్ళకు, లంచంలా ఉంటుంది. టీకా కాగితం పట్టుకెళ్ళు.

లక్ష్మి_మేడమీదతోట
కాగితంతో పాటు, వాకింగుకి నువ్వు ఏ టైముకి వెళ్తావో కూడా చెప్పు నాయనా. ఆ గంటైనా ఆయన ధైర్యంగా తిరుగుతారు.

కాప్రా_కిరణ్
నిన్న వెళ్ళాను. పులికి టీకా వేయించిన కార్డు తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తారీఖులన్నీ చదివారు, పాత తారీఖు దగ్గర వేలు పెట్టి నా వంక చూశారు. ఏమీ అనలేదు. తర్వాత ఆంటీ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళాక, ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించారు. మూడంగుళాల మచ్చ. సంక్రాంతి ముందు, వీడు హఠాత్తుగా గోడ మీదకి లేచేసరికి తడి గచ్చు మీద జారి పడ్డారట. ఆంటీకి కూడా బాత్‌రూంలో పడ్డానని చెప్పారట. "మీ నాన్న కొడుకువి, నీ మీద కంప్లయింటు ఏం రాస్తానురా. కానీ రోజూ ఐదున్నరకి గుండె దడదడలాడుతుంది, తలుపు తీయాలంటే" అన్నారు.

సారీ అనడానికి కూడా నోరు రాలేదు.

పక్కింటి_బాధితుడు
వెళ్ళినందుకు మెచ్చుకుంటున్నాను. మా పక్కవాడికి ఈ చర్చ మొత్తం ఫార్వర్డ్ చేశా. బ్లూ టిక్ వచ్చింది, జవాబు లేదు.

గుంటూరు_ఘాటు
రాట్‌వైలర్‌కి పంపాల్సింది.

కాప్రా_కిరణ్
ఐదు వారాల తర్వాత అప్‌డేట్. గోడ మీద నెట్టు కట్టాం, గేటుకి రేకు కొట్టించాం, పద్దెనిమిది వందలైంది. ఐదుంపావు వాకింగు వారానికి ఐదు రోజులు కుదురుతోంది. మిగతా రెండ్రోజులు మా ఆవిడ తిడుతూ తీసుకెళ్తోంది. పాలబ్బాయికి 28వ రోజు డోసు కూడా అయిపోయింది. ఇప్పుడు గేటు బయట పెట్టె పెట్టాం, పాలు అందులోనే. చాప అలవాటు సగం సగం. స్కూలు అమ్మాయి దిగితే కూర్చుంటాడు, వాళ్ళ నాన్న దిగితే లేస్తాడు. హెల్మెట్ పెట్టుకుని దిగితే మాత్రం మళ్ళీ మొదటికే.

ఒక పొద్దున నాకు జ్వరం, వాకింగు లేదు. నెట్టు అంచు కొంచెం పైకి లేచి ఉంది, అందులోంచి చూస్తున్నాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి పెద్దాయన దూరంగా మల్లెపాదు దగ్గర నిలబడి, మొరగకముందే ఒక మారీ బిస్కెట్ ఇటు విసిరారు. నేనెప్పుడో కాఫీ తాగుతూ చెప్పిన చికెన్ కథ గుర్తుపెట్టుకున్నారు. అప్పటి నుంచి రోజూ ఒకటి వేస్తున్నారు. కొత్త సమస్య ఏమిటంటే, ఆయన ఐదు నిమిషాలు లేటైతే వీడు బిస్కెట్ కోసం మొరుగుతున్నాడు.

పశువుల_డాక్టరమ్మ
మొరుగుతుంటే బిస్కెట్ వేయొద్దని ఆయనకి చెప్పండి. నోరు మూశాక, పది లెక్కపెట్టి వేయాలి.

కాప్రా_కిరణ్
చెప్పాను మేడం. "ముప్పై ఆరేళ్ళు స్కూలు పిల్లల్ని చూశాను, నువ్వు నాకు చెప్పేదేంటిరా" అన్నారు.